బెస్సీ బండి ఎక్కడ ఆగింది?

పొద్దున ఆరుంపావుకి నేను బండి తీస్తుంటే మా వీధిలో కనీసం నాలుగు గేట్లు కిర్రుమంటాయి. పాల ప్యాకెట్ కోసమో, ముగ్గేయడానికో వచ్చినట్టే ఉంటారు గానీ చూపులన్నీ నా మీదే. ఏడాదిన్నర అయింది, వాళ్లకింకా అలవాటు కాలేదు. వాళ్ల తప్పేం లేదు లెండి. నలభై ఆరేళ్ల పంతులమ్మ చీర బ్యాగులో పెట్టుకుని, పంజాబీ డ్రెస్ మీద జాకెట్ తొడుక్కుని, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని, దాదాపు 200 కిలోల అడ్వెంచర్ మోటార్ సైకిల్ ఎక్కి పోతుంటే ఎవరైనా చూస్తారు.

నాదేం సరదా కాదు. మేం ఉండేది ఖమ్మంలో. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిందని సంతోషించేలోపే పోస్టింగ్ కాగితం చేతికొచ్చింది. ఇంటి నుంచి 64 కిలోమీటర్లు. బస్సు రోజుకి రెండుసార్లే, అదీ బడి గంటతో సంబంధం లేకుండా. అక్కడే గది తీసుకుందామా అంటే మంచం దిగలేని అత్తమ్మని ఎవరు చూస్తారు? ప్రమోషన్ వద్దని రాసిచ్చేద్దామా అంటే ఇరవై రెండేళ్ల సర్వీసు, మనసొప్పలేదు. స్కూటీ మీద నెల రోజులు వెళ్లాను. ఆఖరి పన్నెండు కిలోమీటర్లు కంకర తేలిన రోడ్డు. రెండుసార్లు పడ్డాను, నడుము పట్టేసింది. అప్పుడు మావారూ నేనూ కలిసి ఆలోచించి, సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి కొన్నాం. ఎత్తుగా ఉంటుంది, గుంతల్లో పడ్డా నడుముకి తెలియనివ్వదు, ఒకసారి ట్యాంకు నింపితే మూడు రోజులు బంకు మొహం చూడక్కర్లేదు. చిన్నప్పుడు నాన్న బుల్లెట్ మీద దొంగచాటుగా నేర్చుకున్న విద్య ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

నడపడం మూడు వారాల్లో చేతికొచ్చేసింది. చేతకానిదల్లా ఒక్కటే, దార్లో ఆగడం. నవ్వకండి. బ్రేకు గురించి కాదు నేను చెప్పేది. పోనూ రానూ 128 కిలోమీటర్లు వెళ్లే ఆడమనిషికి మధ్యలో ఒక్కసారైనా ఆగే చోటు కావాలా వద్దా? మగవాళ్లకి ఏ చెట్టైనా చాలు. మన సంగతి వేరు. ఓ బంకులో అడిగితే బాత్రూం తాళం మేనేజరు దగ్గరుందన్నారు. ఇంకో హోటల్లో టీ తాగినవాళ్లకే అన్నారు, తాగాక నీళ్లు రావట్లేదన్నారు. దాంతో పొద్దున నీళ్లు తాగడమే మానేశాను. ఆర్నెల్లు తిరక్కుండా యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వారం రోజులు సెలవు పెట్టాల్సొచ్చింది. ఇంక ఈ బండీ వద్దు, ప్రమోషనూ వద్దు అనుకుని మంచం మీద పడుకుని ఉన్నప్పుడే, హైదరాబాద్‌లో చదువుతున్న మా అమ్మాయి ఫోన్ చేసి బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే అమెరికా ఆవిడ సంగతి చెప్పింది.

తర్వాత ఆవిడ గురించి దొరికినదల్లా చదివాను. రాసినవాళ్లంతా ఆవిడ ధైర్యం గురించే రాశారు. నాకు మాత్రం ఒక్కటే ప్రశ్న. సరే, అంత దూరం నడిపింది. మరి రాత్రిపూట ఎక్కడ ఆగింది?

తలగడ కింద ఉత్తరం

బెస్సీ నల్లజాతి అమ్మాయి. 1911 ప్రాంతంలో పుట్టింది. పదహారేళ్లు వచ్చేసరికి ఆ పిల్లకి మోటార్ సైకిల్ పిచ్చి పట్టుకుంది. కావాలని దేవుడికి ఉత్తరం రాసి, తలగడ కింద పెట్టుకుని పడుకునేదట. కల్లో గేర్లు మారుస్తూ బండి నడిపినట్టు కనిపించేదట. లేచేసరికి నడపడం వచ్చేసిందని పెద్దయ్యాక చెప్పుకునేది. మొత్తానికి 1928 మోడల్ ఇండియన్ స్కౌట్ బండి ఇంటికొచ్చింది. పేరు చూసి మనదనుకునేరు, కాదు. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో తయారైన బండి అది.

ఆ రోజుల్లో మంచింటి ఆడపిల్ల మోటార్ సైకిల్ ఎక్కడమంటే ముక్కున వేలేసుకునేవాళ్లు. అది అమెరికా కదా, అక్కడేం అభ్యంతరం అనుకుంటాం. మనకి తెలియదు గానీ అక్కడా వీధులున్నాయి, గేట్లున్నాయి, గేట్ల వెనక కళ్లూ ఉన్నాయి.

పైసా పడిన ఊరు

1930లో, పందొమ్మిదేళ్ల వయసులో, బెస్సీ ఒంటరిగా దేశం మీద పడింది. ఎక్కడికెళ్లాలో తేల్చుకోడానికి ఆమె పద్ధతి చిత్రంగా ఉండేది. అమెరికా మ్యాపు పరుచుకుని దాని మీదకి ఓ నాణెం ఎగరేసేది. అది ఏ ఊరి మీద పడితే ఆ ఊరికి బయల్దేరేది. అలా తిరిగి తిరిగి అప్పటికి అమెరికాలో ఉన్న 48 రాష్ట్రాలూ చుట్టేసింది. ఆ దేశాన్ని ఒంటరిగా మోటార్ సైకిల్ మీద దాటిన మొదటి నల్లజాతి మహిళగా ఆమెనే చెప్పుకుంటారు. 1930లూ 40లూ కలిపి అలాంటి పెద్ద ప్రయాణాలు ఎనిమిది చేసింది.

ఆ రోజులు ఎలాంటివో కూడా చూడాలి. 1929 చివర్లో అక్కడ షేర్ల మార్కెట్ కూలి, లక్షల మందికి పనిపోయింది. పట్నాలు దాటితే చాలా చోట్ల తారు లేదు, మట్టి రోడ్లే. మరి తిండికి, పెట్రోలుకి డబ్బులో? బండే సంపాదించిపెట్టేది. మన ఎగ్జిబిషన్లలో మృత్యుకూపం చూస్తాం కదా, గుండ్రటి చెక్కగోడల మీద మోటార్ సైకిల్ గిరగిరా తిరుగుతుంది. సంతల్లో అలాంటి విన్యాసాలు చేసి డబ్బు తీసుకునేది. ఓసారి మగవాడి వేషంలో పందెంలో దిగింది. గెలిచింది. హెల్మెట్ తీయగానే ఆడదని తెలిసి బహుమతి సొమ్ము ఇవ్వలేదు. గెలిచిన బండి అదే, నడిపిన చేతులూ అవే. మారింది చూసినవాళ్ల బుద్ధే.

చీకటి పడితే ఎక్కడికి?

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికొద్దాం. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో, అప్పుడు తెల్లవాళ్లకి వేరు, నల్లవాళ్లకి వేరు. బడి వేరు, బస్సులో సీటు వేరు, నీళ్ల కుళాయి వేరు. జిమ్ క్రో చట్టాలని వాటికి పేరు. తెల్లవాళ్ల హోటల్లో నల్లవాళ్లకి గది ఇవ్వరు. ఇది దక్షిణాదికే పరిమితం కాదు. పొద్దుగూకేలోపు నల్లవాళ్లు ఊరు దాటి వెళ్లిపోవాల్సిన పట్టణాలు దేశంలో చాలా చోట్ల ఉండేవి. దాటకపోతే ప్రాణానికే గ్యారంటీ లేదు.

ఈ బాధ పడలేక, న్యూయార్క్‌లో ఉంటూ తపాలా బట్వాడా ఉద్యోగం చేసే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే ఆయన 1936లో ఓ చిన్న పుస్తకం వేశాడు. నల్లజాతి ప్రయాణికులని ఏ ఊళ్లో ఏ హోటల్ రానిస్తుంది, ఏ ఇంట్లో గది దొరుకుతుంది, ఏ బంకులో పెట్రోలు పోస్తారు, అన్నీ అందులో ఉండేవి. గ్రీన్ బుక్ అనేవాళ్లు. ముప్ఫై ఏళ్లు నడిచిందా పుస్తకం. ఆలోచించండి, ఆగే చోట్ల జాబితా కోసం ఓ పుస్తకం వేయాల్సొచ్చిందంటే ఆగడం ఎంత కష్టమో! హోటళ్లలో వివక్ష చూపకూడదన్న చట్టం వచ్చింది 1964లో. బెస్సీ బండెక్కిన నాటికి ఆ చట్టమూ లేదు, ఈ పుస్తకమూ లేదు.

మరి ఆమె ఏం చేసేది? దారిలో నల్లజాతి కుటుంబాలు ఎదురైతే వాళ్లింట్లో ఆగేది. ముందు పరిచయం లేదు, చుట్టరికం లేదు. వంటి మీద దుమ్ము కొట్టుకుని, పెద్ద బండేసుకుని వచ్చిన ఒంటరి అమ్మాయిని లోపలికి పిలిచి పడక వేసేవాళ్లు. అలాంటి ఇల్లు దొరకని రాత్రి పెట్రోలు బంకులో బండి ఆపుకుని, దాని మీదే పడుకునేది. జాకెట్ మడిచి హ్యాండిల్ మీద తలగడలా పెట్టుకునేది. కాళ్లు వెనక చక్రం మడ్‌గార్డ్ మీదకి చాపేది. అదే మంచం, అదే ఇల్లు.

ఇది చదివాక ఆ పూటకి పుస్తకం పక్కన పెట్టేశాను. ఓ ఆదివారం మావారు ఇంట్లో లేనప్పుడు, మా వరండాలో స్టాండు వేసి ఉన్న బండి మీద అలా పడుకుని చూశాను. అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. మెడ పట్టేసింది, ఎటు ఒత్తిగిలితే అటు పడిపోతానన్న భయం. పగలు, మా ఇంట్లో, చుట్టూ మనవాళ్లే ఉన్నప్పుడు సంగతిది. తెలియని ఊళ్లో, రాత్రిపూట, ఒంటి రంగు చూసి చెయ్యెత్తేవాళ్ల మధ్య ఆమెకి నిద్రెలా పట్టిందో!

యుద్ధంలో ఉత్తరాలు మోసిన చేతులు

రెండో ప్రపంచ యుద్ధంలో బెస్సీ అమెరికా సైన్యానికి ఉత్తరాలు మోసే పనిలో చేరింది. సైనికురాలిగా కాదు, పౌర ఉద్యోగిగా. దేశంలోని ఒక సైనిక స్థావరం నుంచి ఇంకోదానికి కాగితాలు చేరవేయాలి. ఆ దళంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. శిక్షణ కూడా మామూలుది కాదు. తాళ్లూ చెట్టు కొమ్మలూ కట్టి, వాగు మీద అప్పటికప్పుడు వంతెన వేసుకుని బండి దాటించడం నేర్పారట. ఆ పనికి ఆమె వాడింది తన సొంత హార్లీ డేవిడ్సన్, నీలం రంగుది. ముందు సైన్యం ముద్ర ఉండేది.

ఇక్కడో చిన్న మాట చెప్పాలి. ఆ కాలం హార్లీ మన ఇప్పటి బళ్లలాంటిది కాదు. క్లచ్ కాలితో తొక్కాలి, గేరు పెట్రోలు ట్యాంకు పక్కనున్న కడ్డీని చేత్తో తోసి మార్చాలి. ఎత్తు మీద ఆగితే ఒక కాలు క్లచ్ మీద, ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి గేరు మీద. నేను ఎడం చేతి రెండు వేళ్లతో క్లచ్ పట్టుకుని కూడా యూ టర్న్‌లో పడిపోయాను. బెస్సీ అయిదడుగుల పైన రెండు మూడు అంగుళాల మనిషి.

సైన్యం ముద్ర ఉన్నా రంగు మారలేదు కదా. ఓసారి పికప్ ట్రక్కులో ఓ తెల్లవాడు ఆమె వెంటపడి, బండిని రోడ్డు కిందకి నెట్టేశాడు. పడింది, లేచింది, మళ్లీ ఎక్కింది. నాలుగేళ్లు ఆ పని చేసింది. ఆమె ఏ దేశం కోసం కాగితాలు మోసిందో ఆ దేశంలోనే ఆమెకి రాత్రి గది దొరికేది కాదు. ఇంతకన్నా చెప్పేదేముంది?

మయామీలో నర్సమ్మ

యుద్ధం అయ్యాక 1950ల్లో ఆమె ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో స్థిరపడింది. సొంత ఇల్లు కొనుక్కుంది. చదువుకుని నర్సు అయింది. పనికెళ్లినా, ఆదివారం చర్చికెళ్లినా బండి మీదే.

నన్నడిగితే ఆమె జీవితంలో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే. మృత్యుకూపంలో తిరిగితే జనం చప్పట్లు కొడతారు. రోజూ డ్యూటీకి బండి మీద వెళ్తే చప్పట్లుండవు, చూపులే ఉంటాయి. అక్కడి పోలీసులు ఆమెని మాటిమాటికీ ఆపేవాళ్లు, నల్ల ఆడవాళ్లు మోటార్ సైకిల్ నడపకూడదని బెదిరించేవాళ్లు. ఆమె నేరుగా పోలీసు కెప్టెన్ దగ్గరికే వెళ్లింది. ఆయన ఓ పార్కుకి తీసుకెళ్లి, రకరకాలుగా నడిపించి చూశాడు. అన్నీ చేసి చూపించింది. ఆ రోజు నుంచి మళ్లీ ఎవరూ అడ్డుపడలేదు.

తర్వాత అక్కడ ఐరన్ హార్స్ అనే మోటార్ సైకిల్ క్లబ్ పెట్టింది. పత్రికలవాళ్లు ఆమెని మయామీ మోటార్ సైకిల్ రాణి అని రాశారు. జీవితంలో మొత్తం 27 హార్లీలు మార్చింది.

ఇంటి సంగతికొస్తే, ఆరుసార్లు పెళ్లి చేసుకుంది, ఆరుసార్లూ విడిపోయింది. మొదటి భర్తతో ఉండగా ముగ్గురు పసివాళ్లని పోగొట్టుకుంది, తర్వాత పిల్లల్లేరు. స్ట్రింగ్‌ఫీల్డ్ అనేది మూడో భర్త ఇంటిపేరు. నువ్వు ఎలాగూ పేరు తెచ్చుకుంటావు, నా పేరే ఉంచుకో అని ఆయనే అడిగాడట. మన నాలుగో వీధి వాళ్లకి ఈ ఆరు పెళ్లిళ్ల సంగతి చెబితే మిగతా కథ వినరు. అందుకే చివర్లో చెబుతున్నాను.

ఏది నిజం?

ఒక్క విషయం దాచకూడదు. బెస్సీ తన చిన్నతనం గురించి చెప్పుకున్నదంతా నిజం కాదని తర్వాత తేలింది. తను జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాననీ, చిన్నప్పుడే తల్లిదండ్రులు దూరమైతే బోస్టన్‌లో ఓ ఐరిష్ ఆవిడ పెంచిందనీ, మొదటి బండి ఆవిడే కొనిచ్చిందనీ ఆమె చెప్పేది. యాన్ ఫెరార్ అనే రచయిత్రి ఆమెని చివరి ఏళ్లలో కలుసుకుని, 1996లో మోటార్ సైకిల్ మహిళల మీద వేసిన పుస్తకంలో ఆ కథ రాసింది. కానీ 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆమె గురించి రాసినప్పుడు ఆమె సొంత మేనకోడలు అది కాదని చెప్పింది. బెస్సీ పుట్టింది నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఈడెన్‌టన్‌లో, తల్లీ తండ్రీ ఇద్దరూ నల్లజాతివాళ్లే, ఆమె అసలు పేరు బెట్సీ బియాట్రిస్ వైట్.

ఎందుకలా చెప్పింది? నాకు తోచింది చెబుతాను, కాదంటే మీ ఇష్టం. అడుగడుగునా నువ్వెవరు, ఎక్కడ్నించి వచ్చావు, ఇక్కడెందుకు ఆగావు అని నిలదీసే దేశంలో, జవాబు తనకి నచ్చినట్టు తయారు చేసుకుని ఉంటుంది. పుట్టుక గురించి ఏం చెప్పుకున్నా, మయామీ రోడ్ల మీద ఆమె బండిని వేల మంది చూశారు. అది ఆమె అల్లిన కథ కాదు.

వయసు మీదపడ్డాక గుండె పెరిగిందని డాక్టర్లు బండి మానేయమన్నారు. నడపకపోతే ఎక్కువ కాలం బతకనని చెప్పి, నడుపుతూనే ఉంది. 1990లో అమెరికన్ మోటార్ సైక్లిస్ట్ అసోసియేషన్ ఒహాయో రాష్ట్రంలో మ్యూజియం తెరిచినప్పుడు, తొలి ప్రదర్శనలోనే ఆమెకి చోటిచ్చారు. 1993 ఫిబ్రవరి 16న మయామీ పక్కనున్న ఓపా లోకాలో కన్నుమూసింది. 2000లో ఆమె పేరున ఆ సంఘం ఓ అవార్డు పెట్టింది. 2002లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఒకప్పుడు హోటల్లో పేరు రాయించుకోనివ్వని మనిషి!

నా దారి

సెలవు అయిపోయాక మళ్లీ బండెక్కాను. బెస్సీ అంత ధైర్యం వచ్చేసిందని కాదు. ఆమె కథలో నాకు దొరికింది ధైర్యం కాదు, ఓ ఉపాయం. బంకులనీ హోటళ్లనీ దేబిరించే బదులు, ఇల్లు అడగాలి.

నా దారిలో సగం దూరం దాటాక, రోడ్డు పక్కనే పెంకుటిల్లు ముందు టీ అమ్మే ఆవిడ ఉంటుంది. ఏడాదిగా చూస్తున్నాను, ఒక్కనాడూ ఆగలేదు. ఆ రోజు సిగ్గు విడిచి ఆగాను. సంగతి చెప్పాను. ఆవిడ నన్నూ బండినీ ఎగాదిగా చూసి, ఇన్నాళ్లూ ఎందుకడగలేదని మందలించి, పెరట్లోకి దారి చూపించింది. బకెట్లో నీళ్లు తనే తోడిపెట్టింది. ఇప్పుడు వారంలో ఆరు రోజులూ ఏడుంపావుకల్లా అక్కడ ఆగుతాను. వాళ్ల చిన్నదానికి లెక్కలు కొంచెం కష్టం, పావుగంట కూర్చోబెట్టి చెప్పి బయల్దేరతాను. నీళ్ల సీసా మళ్లీ నిండుగా పెట్టుకుంటున్నాను. ఇంట్లో అత్తమ్మ మాత్రం ఇప్పటికీ నేను రాత్రి గేటు తీసిన చప్పుడు వినేదాకా కన్ను మూయదు.

రోడ్డు పక్కన ఇల్లున్న అక్కచెల్లెళ్లకి ఓ మాట. ఏ స్కూటీ మీదో, ఏ పెద్ద బండి మీదో వచ్చిన ఆడపిల్ల మీ గేటు దగ్గర ఆగి తటపటాయిస్తుంటే, బండి సంగతి తర్వాత అడగొచ్చు. ముందు లోపలికి రమ్మనండి.